తమ్ముడి చేత కౌన్సెలర్ కథ చెప్పించారు, లోపల ఉన్నది అలా బయటికొస్తుందా?

మీరు రాసింది నాకర్థమైనంత వరకు ఇదండీ. మధురవాడలో ఉంటారు, తమ్ముడు బీటెక్ అయ్యాక ఏడాదిగా ఇంట్లోనే, గదిలోంచి బయటికి రాడు, ఎవరితో మాట్లాడడు. కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తే ఆవిడ సమస్య ఏంటని కూడా అడక్కుండా "నీ లోపల ఉన్నది ఒక వస్తువైతే ఎలా ఉంటుంది" అని అడిగి దాని మీద కథ చెప్పమన్నారు. వాడు ఫిషింగ్ హార్బర్‌లో లంగరేసిన బోటు, ఇంజను ఆన్‌లోనే ఉంది, కదలట్లేదు, డీజిల్ మాత్రం అయిపోతోంది అన్నాడు, ఇంటికొచ్చి మీకూ చెప్పాడు. అమ్మగారేమో కథలు చెప్పించుకోడానికి ఇంత ఫీజా అంటున్నారు. మీరడిగినవి మూడు, ఇది అసలు సైన్సేనా, ఆ బోటుకి అర్థం ఏంటి, ఇంట్లో మనం కూడా ఇలా చేయొచ్చా అని.

ముందు సూటిగా చెప్పేస్తా. పద్ధతి మంచిదే, ఆపకండి. బోటుకి అర్థం మాత్రం మీ తమ్ముడే చెప్పాలి, మీరు గానీ నేను గానీ ఆ కౌన్సెలర్ గారు గానీ చెప్పకూడదు. ఇంట్లో మీరు వినొచ్చు, వైద్యం మాత్రం చేయకండి. ఎందుకో వివరంగా రాస్తాను, నేను విశాఖలోనే క్లినికల్ సైకాలజిస్ట్‌ని, చాలా ఏళ్ళుగా ఎక్కువ భాగం ఇలాంటి పనే చేస్తున్నా. కేసులు చెప్పినచోట ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

మన ఇళ్ళలో ఎవరైనా డల్‌గా ఉంటే మొదట వచ్చే ప్రశ్న "ఎందుకలా ఉన్నావ్". ప్రేమతోనే అడుగుతాం. కానీ ఏడు చేపల కథ గుర్తు చేసుకోండి, చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డం అంటుంది, గడ్డిమోపుని అడిగితే ఆవు మేయలేదంటుంది, ఆవు గొల్లవాడి మీద, గొల్లవాడు అవ్వ మీద, ఇలా చివరికి చీమ దాకా పోతుంది. ఎందుకు అని అడిగినప్పుడల్లా మనిషి కూడా అచ్చం ఇలాగే పక్కదాని మీద పెట్టేస్తాడు, మార్కెట్ బాలేదు, కాలేజీ బాలేదు, నిద్ర సరిగ్గా లేదు, ఫోన్ ఎక్కువైంది. అబద్ధం చెప్పట్లేదు పాపం, నిజంగా వాడికీ తెలీదు. తనకే తెలియనిదాన్ని కారణం రూపంలో అడిగితే మెదడు ఏదో ఒక కారణం అల్లేసి ఇచ్చేస్తుంది. అదే "ఎలా ఉంది" అని అడిగారనుకోండి, అల్లాల్సిన పని లేదు, ఒంట్లో ఉన్నది చూసి చెబితే చాలు.

నిజానికి మనవాళ్ళు ఇది రోజూ చేస్తూనే ఉంటారు. గుండెలో రాయి పడింది, గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది, ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంది, కాళ్ళ కింద నేల కదిలిపోయింది, ఇవన్నీ మాటవరసకి అన్నవని వదిలేస్తాం. నేను వదలను. నా పనిలో సగం ఆ మాట దగ్గర ఆగడమే.

ఒకావిడ గుర్తొస్తోంది, బీచ్ వైపు ఉండే జాలారిపేటల్లో ఒకదాన్నించి వచ్చింది, యాభై దాటిన మనిషి. కడుపులో మంట. ఎండోస్కోపీతో సహా అన్నీ చేశారు, పెద్దగా ఏమీ లేదు, గ్యాస్ మాత్రలు వాడుతోంది, డాక్టరు నా దగ్గరికి పంపారు. టెన్షన్లు ఏమైనా ఉన్నాయా అని ముగ్గురో నలుగురో అడిగారు, "ఏం నేవు" అంది అందరికీ. నా దగ్గర కూర్చోగానే "కడుపులో కుంపటెట్టినట్టుంటాది మేడం" అంది.

ఎలాంటి కుంపటమ్మా అన్నాను. "బొగ్గుల కుంపటి."

ఆ బొగ్గుల కుంపటి గురించి ఇంకేమైనా ఉందా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు, అరచేత్తో కడుపు మీద గుండ్రంగా రాసుకుంటూ కూర్చుంది, నేనూ మాట్లాడలేదు. అప్పుడు "పైకి బూడిదే అవుపిస్తాది. ఆరిపోనాదనుకుంటారు అందరూ. గాలేస్తే మల్లీ ఎర్రబడతాది" అంది.

ఏటి గాలది అని అడిగాను. "అల్లుడొచ్చినప్పుడల్లా" అని టక్కున ఆగిపోయింది.

అల్లుడి గురించి నేనేమీ అడగలేదండీ. టెన్షన్ ఏంటి అని అడిగితే ఆవిడ ఈ జన్మకి చెప్పేది కాదు. కూతురి బంగారం తాకట్టు పెట్టేశాడట, భర్తకి చెబితే గొడవకి పోతాడని ఆవిడ ఒక్కతే కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. తర్వాత కొన్నాళ్ళకి కూతుర్ని కూడా తీసుకొచ్చింది, ముగ్గురం కూర్చుని మాట్లాడాం. మంట బాగా తగ్గింది, కానీ మాత్రలు కూడా వాడుతూనే ఉంది కాబట్టి ఎంత మాత్రవల్ల ఎంత మాటవల్ల అని విడదీసి చెప్పలేం. ఒకటి మాత్రం గట్టిగా చెబుతా, ఒంట్లో బాధ ఏదైనా సరే ముందు డాక్టరు చూసి తీరాలి, కుంపటి సంగతి ఆ తర్వాతే. కడుపులో పుండు ఉన్నా కుంపటి పెట్టినట్టే ఉంటుంది.

ఇక సైన్సా అన్నదానికి వస్తా. "దాగిన మనసు" అనగానే ఫ్రాయిడ్ గుర్తొస్తాడు, లోపల ఒక చీకటిగది ఉంది, అందులో రహస్యాలు దాచి ఉన్నాయి, తాళం తీస్తే చాలు అన్నట్టు మన సినిమాల్లో చూపిస్తారు. ఇప్పటి సైకాలజీ అంత డ్రామాగా చెప్పదు. మన మెదడు చేసే పనిలో చాలా భాగం మనకి తెలీకుండానే జరుగుతుంది, అలవాట్లు, భయాలు, ఎవరిని చూస్తే ఒళ్ళు బిగుసుకుంటుంది లాంటివన్నీ, వాటికి మాటలు ఉండవు, అంతే. మాటలు లేనిదాన్ని పోలికతో పట్టుకుంటాం. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అని ఒక భాషాశాస్త్రవేత్త, ఒక తత్వవేత్త కలిసి చెప్పింది ఇదే, రూపకాలు కవిత్వానికి మాత్రమే సంబంధించినవి కాదు, మనం ఆలోచించడమే వాటితో ఆలోచిస్తాం అని.

దీన్ని వైద్యంలోకి తెచ్చినవాళ్ళు రకరకాలుగా తెచ్చారు. 1935లో హార్వర్డ్‌లో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గాన్ కొన్ని బొమ్మలు చూపించి ఒక్కోదానికి కథ చెప్పమనే పరీక్ష తెచ్చారు, మన దగ్గర కూడా సైకాలజీ చదివే పిల్లలందరికీ ఇది తెలుసు. మాట్లాడించడానికి అది బానే ఉంటుంది కానీ ఆ కథ విని నువ్వు ఫలానా టైపు మనిషివని తీర్పు చెప్పడానికి అంత నమ్మదగింది కాదని చాలా విమర్శ ఉంది, నేనూ అలాగే అనుకుంటా. అమెరికాలో మిల్టన్ ఎరిక్సన్ అనే సైకియాట్రిస్టు తనే పేషెంట్లకి కథలు చెప్పేవాడు. క్యాన్సర్ నొప్పితో ఉన్న ఒకాయనకి, ఆయన పూలమొక్కల వ్యాపారి, నొప్పి ఊసే ఎత్తకుండా టమాటా మొక్క ఎంత నిమ్మళంగా పెరుగుతుందో చెప్పుకుంటూ పోయాడు, మధ్యమధ్యలో హాయిగా ఉండటం గురించిన మాటలు కలుపుతూ. 1966లో రాసిన కేసు అది. అందులో నాకు నచ్చేది ఏంటంటే ఆ మొక్క పేషెంటు బతుకులోంచి తీసుకున్నది, డాక్టరు బతుకులోంచి కాదు.

డేవిడ్ గ్రోవ్ అని న్యూజిలాండ్ ఆయన ఇంకో అడుగు ముందుకేసి, డాక్టరు కథే అక్కర్లేదు, పేషెంటు నోట వచ్చిన పోలికనే పట్టుకుని, మన మాట ఒక్కటి కూడా కలపకుండా అడుగుదాం అన్నాడు, 1980ల్లో. పైన కుంపటి దగ్గర నేనడిగినవి దాదాపు ఆయన ప్రశ్నలే, ఎలాంటిది, ఎక్కడుంది, దాని గురించి ఇంకేమైనా ఉందా, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏమవుతుంది, దానికి ఏం జరగాలని ఉంది. మీ తమ్ముడి దగ్గర ఆ కౌన్సెలర్ గారు చేసింది కూడా ఈ దారిలోనిదే అనిపిస్తోంది మీరు రాసినదాన్నిబట్టి.

పరిశోధన ఎంతుంది అంటారా, రాయడం మీద బాగానే జరిగింది. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1986లో కాలేజీ పిల్లల్ని నాలుగు రోజులు వరసగా రోజుకి పదిహేను నిమిషాలు మనసుకి తగిలిన దెబ్బ గురించి రాయమన్నాడు, తర్వాత నెలల్లో వాళ్ళు హెల్త్ సెంటర్‌కి వెళ్ళడం తగ్గింది, ఆ తర్వాత వందకి పైగా స్టడీలు వచ్చాయి, అన్నీ కలిపి చూస్తే సగటున మేలు ఉంది గానీ చిన్నదే. పోలికలతో చేసే పని మీద అంత పెద్ద ఆధారం లేదు, డిప్రెషన్‌కి సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం) మీద ఉన్నంత లేదు. అందుకే నేను దీన్ని ఒంటరిగా వాడను, మాట పెగలనివాడి చేత మాట్లాడించడానికి వాడతా, మాట మొదలయ్యాక వాడికి కావాల్సిన వైద్యం వేరే ఉంటుంది, మందులతో సహా.

ఇప్పుడు బోటు. మీకు చాలామంది చాలా చెప్పేస్తారు, బోటంటే జీవితం, లంగరంటే తల్లిదండ్రులు, డీజిలంటే వయసు అని. కలలకి అర్థాలు చెప్పే పుస్తకంలాగా. దయచేసి వాటిలో ఒక్కటి కూడా తమ్ముడి దగ్గర అనకండి. ఎందుకంటారా, నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చేవాడు, తండ్రి బోటు మీద వేటకెళ్ళే మనిషి. వీడు కూడా కట్టేసి ఉన్న బోటు గురించే చెప్పాడు. వినేవాళ్ళెవరికైనా ఆగిపోయిన బతుకు అనిపిస్తుంది. కానీ ఎలాంటి బోటు అది, ఎప్పటి బోటు అని అడుగుతూ పోతే, అది వేట నిషేధం రోజుల్లో కట్టేసిన బోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లు వేటకి పోకూడదు కదా, ఆ రోజుల్లో నాన్న ఇంట్లో ఉండేవాడు, వల బాగుచేసుకుంటూ వీడికి ముడి వెయ్యడం నేర్పేవాడు. వాడి మనసులో కట్టేసిన బోటంటే నాన్న దగ్గరుండటం. ఇంట్లో డబ్బులకి కటకటగా ఉండేది కూడా ఆ రోజుల్లోనే, అదీ చెప్పాడు తర్వాత. ఒకే బోటు, మీ తమ్ముడిది వేరు వీడిది వేరు. మనం అర్థం చెప్పేస్తే వాడు మర్యాదకి "అవునండీ" అంటాడు, అక్కడితో కథ ఆగిపోతుంది.

మీ తమ్ముడి బోటులో నాకు వినపడేది ఒక్కటే, ఇంజను ఆన్‌లో ఉంది అన్నాడు. దాన్ని నేను ఊరికే పట్టుకుని ఉంచుతా, తేల్చను. కౌన్సెలర్ గారు తర్వాత సిట్టింగుల్లో ఆ ఇంజను దగ్గరికి, లంగరు దగ్గరికి వాడినే తీసుకెళ్తారు, ఇంకెవరైనా ఉన్నారా బోటులో, ఒడ్డున ఎవరున్నారు, డీజిల్ అయ్యేలోపు ఏం జరగాలని ఉంది, అలా. కొన్నిసార్లు బొమ్మ దానంతటదే మారుతుంది, కొన్నిసార్లు వారాలు మారదు, తొందరపెడితే ఇంకా బిగుస్తుంది. మగపిల్లాడు ఇంట్లో "నాకు భయమేస్తోంది" అని పైకి అనలేడు మన దగ్గర, డీజిల్ అయిపోతోంది అని మాత్రం అనగలడు. అది అనడానికి వాడికి చోటు దొరికింది, అమ్మగారికి ఫీజు ఎందుకో ఈ మాట చెప్పండి.

ఇది పెద్దవాళ్ళకీ అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక నా దగ్గర కూర్చున్న చాలామంది తమ గురించి ఏమీ చెప్పలేదు, చెట్ల గురించి చెప్పారు. ఇంటి ముందు వేపచెట్టు ఎలా పడిందో గంటసేపు చెప్పేవాళ్ళున్నారు, అది వినకుండా మీకు నిద్ర పడుతోందా అని ఫారం నింపుకుంటే ఏమీ తెలీదు.

పిల్లల దగ్గర ఇంకా తేలిక, వాళ్ళకి మనం కొత్త కథ చెప్పక్కర్లేదు, తెలిసిన కథని మళ్ళీ చెప్పమంటే చాలు, ఎక్కడ మారుస్తారో అక్కడ ఆగాలి. ఎనిమిదేళ్ళ బాబు ఒకడు, ఉన్నట్టుండి స్కూలుకి పోనని మొండికేశాడు, బస్సు దగ్గర వాంతులు. ఏడు చేపల కథే చెప్పమన్నాను. చక్కగా గొల్లవాడి దాకా వచ్చాడు, అవ్వ అన్నం పెట్టలేదు అన్నాడు, అవ్వ ఎందుకు పెట్టలేదంటే "అవ్వ హాస్పిటల్లో ఉంది" అని కథ అక్కడ ఆపేశాడు. పాప లేదు, చీమ లేదు. తల్లి వెంటనే "అలా కాదు నాన్నా, పాప ఏడ్చింది కదా" అని సరిచేయబోయింది, నేను ఆగమన్నాను. హాస్పిటల్లో అవ్వకి అన్నం ఎవరు పెడుతున్నారు అని అడిగాను. వాడు బొమ్మలు వేసుకుంటున్న పెన్సిల్ పక్కన పెట్టి, "ఎవరూ లేరు, నన్ను రానివ్వట్లేదు" అని ఏడ్చాడు. నాయనమ్మ ఐసీయూలో ఉన్నారు, పిల్లాడికి ఊరెళ్ళిందని చెప్పారు ఇంట్లో. వాడికి ఆ అబద్ధం ఎప్పుడో తెలిసిపోయింది. స్కూలుకి వెళ్ళొచ్చేలోపు ఇంకెవరు మాయమవుతారో అని భయం. నేను వాడికి ఏ అర్థమూ చెప్పలేదు, పెద్దవాళ్ళకి మాత్రం నిజం చెప్పమని చెప్పాను, ఫోన్లో మాట్లాడించారు, స్కూలు మెల్లగా మొదలైంది.

భయాన్నే ఒక పాత్ర చేసి దానికి పేరు పెట్టించి, అది ఎప్పుడొస్తుంది, దాన్ని ఎప్పుడు ఓడించావు అని మాట్లాడే పద్ధతి కూడా ఉంది, ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లో డేవిడ్ ఎప్స్టన్ పెంచారు దాన్ని. పిల్లలకి చాలా బాగుంటుంది, నువ్వే సమస్య అనకుండా సమస్య వేరు నువ్వు వేరు అని చెప్పినట్టవుతుంది. దీని గురించి కావాలంటే ఇంకోసారి రాస్తా.

జాగ్రత్తలు మాత్రం తప్పకుండా చదవండి.

జ్ఞాపకాలు తవ్వడానికి దీన్ని వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. హిప్నాసిస్ చేసి చిన్నప్పుడు ఏం జరిగిందో చెప్పిస్తాం, గత జన్మ చూపిస్తాం అనేవాళ్ళ నుంచి దూరంగా ఉండండి. జ్ఞాపకాల మీద పరిశోధన చేసే సైకాలజిస్ట్ ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో 24 మందికి, చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు అని జరగని సంగతి ఇంట్లోవాళ్ళు చెప్పినట్టుగా చెబితే, దాదాపు నాలుగో వంతు మందికి అది పూర్తిగానో కొంతో గుర్తొచ్చేసింది. ఊహలో కట్టిన బొమ్మ జ్ఞాపకంలా గట్టిపడగలదు. బోటు బోటుగానే ఉండాలి, అది సాక్ష్యం కాదు.

చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, ఎవరో వెంటాడుతున్నారన్నా ఈ పని ఇప్పుడు కాదు. అప్పుడు ఊహని ఇంకా రెచ్చగొట్టకూడదు, ముందు సైకియాట్రిస్టు చూడాలి. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో సైకియాట్రీ విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆ పేరు వినగానే భయపడతారు గానీ ఓపీకి వెళ్ళి చూపించుకుని వచ్చేవాళ్ళు ఎంతోమంది.

ఇంకోటి, మీ తమ్ముడి కథలో డీజిల్ అయిపోతోంది అన్న మాట ఉంది. దానికి అర్థం నేను చెప్పను అన్నాను, కానీ ఇక్కడ ఊహించుకుంటూ కూర్చోకూడదు కూడా. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మామూలు గొంతుతో అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడతారు, రాదు, అది చాలాసార్లు పరిశీలించి చూసిన విషయమే. అవునన్నా, అనుమానంగా ఉన్నా ఒంటరిగా వదలొద్దు, కౌన్సెలర్‌కి ఆ రోజే చెప్పండి, లేదా టెలి మానస్ 14416కి చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆ కౌన్సెలర్ గారి అర్హత కూడా అడగండి, తప్పేం లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. నంబరు అడిగితే చిరాకుపడేవాళ్ళైతే వేరేవాళ్ళని చూసుకోండి.

ఇంట్లో ఏం చేయొచ్చు అన్నారు. వాడు తనంతట తాను వచ్చి బోటు సంగతి మీకు చెప్పాడు, ఏడాదిగా నోరు విప్పని పిల్లాడు, అక్క దగ్గర విప్పాడు. మీరు దాన్ని అమ్మానాన్నలతో చర్చకి పెట్టకండి, వాడి ముందు అసలే వద్దు, చుట్టాలకి చెప్పకండి. రోజూ బోటు ఎలా ఉందిరా అని అడగొద్దు, వాడు ఎత్తితే మాత్రం వాడి మాటలతోనే అడగండి, లంగరు అంటే లంగరే అనండి, "ఓహో అంటే నీకు ఉద్యోగం రాక..." అని తర్జుమా చేయకండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి కాకుండా పక్కపక్కన ఉన్నప్పుడు మాటలు వస్తాయి, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తూ, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ. వాడు మాట్లాడకపోతే మీరూ మాట్లాడకుండా నడవండి, అదీ పనికొస్తుంది. మీకు కూడా బరువుగానే ఉంటుంది ఏడాదిగా, ఆ కౌన్సెలర్ గారినే ఒక సిట్టింగ్ మీకోసం అడగండి.

తమ్ముడి నిద్ర, తిండి ఎలా ఉన్నాయో, స్నానం చేస్తున్నాడా, బరువు తగ్గాడా అన్నది మీరు రాయలేదు. ఏడాదంటే చాలా కాలం, అవి దెబ్బతిని ఉంటే కౌన్సెలింగ్‌తో పాటు సైకియాట్రిస్టుకి కూడా ఈ వారంలోనే చూపించమంటాను. రాయండి, చూసి చెబుతా.